కాలేజీ మెట్లెక్కని విమాన నిర్మాత: ఆర్. జె. మిచెల్ జీవితం



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజుల్లో మన ఇళ్లల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. అబ్బాజాన్‌ది ఒక మాట, అమ్మీది ఒక మాట, మామూది ఇంకో మాట. పిల్లవాణ్ణి ఇంటర్‌లో చేర్చాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా, ఐ.టి.ఐ.లో వెయ్యాలా, లేక తెలిసినవాళ్ల వర్క్‌షాపులో ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టాలా? చివరికి తేలేది ఏమంటే, మార్కులు బాగా వస్తే కాలేజీ, రాకపోతే పని. అంటే పని నేర్చుకోవడం అనేది చదువులో ఓడినవాడికి వేసే శిక్షలాగా తయారైంది. ఇనుముతో కవచాలు చేసిన దావూద్ ప్రవక్తను (అలైహిస్సలాం), ఓడ కట్టిన నూహ్ ప్రవక్తను (అలైహిస్సలాం) గౌరవంతో తలుచుకునే మనమే చేతిపనిని చిన్నచూపు చూడటం విడ్డూరం గదా. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఇదే తంతు. కుర్రవాడి చేతిలో ఏ హునర్ వుంది అని అడిగేవాళ్లు తక్కువ, డిగ్రీ ఏమిటి అని అడిగేవాళ్లు ఎక్కువ.

ఈ సందర్భంలో నాకు ఒక ఇంగ్లీషువాడి జీవితం చెప్పాలనిపించింది. ఆయన మన మతంవాడు కాడు, మన దేశంవాడు కాడు. ఆయన చేసిన వస్తువు యుద్ధానికి పనికివచ్చేది. ఆ యుద్ధం చేసిన రాజ్యం అప్పట్లో మనల్ని ఏలుతున్న రాజ్యమే. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. ఆయన పేరు రెజినాల్డ్ జోసెఫ్ మిచెల్. స్పిట్‌ఫైర్ అనే యుద్ధ విమానాన్ని రూపొందించిన ఇంజనీరు. ఆ విమానానికీ మన హైదరాబాదుకూ ఒక చుట్టరికం కూడా వుంది. దాని సంగతి ముందుముందు చెబుతాను.

మిచెల్ 1895 మే 20న ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో, కిడ్స్‌గ్రోవ్ దగ్గర బట్ లేన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ప్రాంతమంతా కుమ్మరి పనికి ప్రసిద్ధి. పింగాణీ కప్పులూ పళ్లేలూ అక్కడినుంచే లోకమంతా పోయేవి. ఆరు ఊళ్లు కలిసి 1910లో స్టోక్ ఆన్ ట్రెంట్ అనే ఒక్క పట్టణంగా ఏర్పడ్డాయి. తండ్రి హెర్బర్ట్ మిచెల్ బడిపంతులు, హెడ్‌మాస్టరు కూడా అయ్యాడు. తరువాత హాన్లీలో ఒక ప్రింటింగు ప్రెస్సులో భాగస్తుడై ఆ వ్యాపారంలోకి వెళ్లాడు. కనుక అది అన్నానికి లేక పిల్లవాణ్ణి పనికి పంపిన ఇల్లు కాదు. ఈ సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. బీదతనం వల్ల చదువు మానేసి గొప్పవాళ్లయినవాళ్ల కథలు మనం చాలా విన్నాం. ఇది ఆ కథ కాదు.

కుర్రవాడు హాన్లీ హైస్కూల్లో చదివాడు. లెక్కల్లో చురుకు. అన్నదమ్ములతో కలిసి బొమ్మ విమానాలు చేసి ఎగరేసేవాడు. అప్పటికి రైట్ సోదరులు గాల్లోకి లేచి ఎన్నో ఏళ్లు కాలేదు, లోకమంతా ఆ పిచ్చే. పావురాలు కూడా పెంచాడు. మన పాతబస్తీ డాబాల మీద కబూతర్‌బాజీ చేసే పిల్లల్ని చూసి పెద్దలు చిరాకుపడతారు గానీ, రెక్క ఎలా విప్పుకుంటుందో, ఎలా ముడుచుకుంటుందో రోజూ చూసే కన్ను వేరు.

1911లో, పదహారేళ్లకు, బడి వదిలాడు. చదువు ఆపమని ఎవరూ తరమలేదు. ఇంజన్ల మీద మనసు పడ్డాడు. ఫెంటన్‌లో కెర్ స్టూవర్ట్ అనే రైలు ఇంజన్ల కంపెనీ వుండేది. అందులో అప్రెంటిసుగా చేరాడు. తండ్రి పంతులు, చదువు విలువ తెలిసినవాడు. అలాంటి తండ్రే కొడుకును కార్ఖానాకు పంపాడు.

అయితే అక్కడ పూలబాట ఏమీ పరవలేదు. తెల్లవారుజామున లేవాలి. గ్రీజూ మసీ పట్టిన బట్టలు తొడుక్కోవాలి. రోజంతా ఇనుము రాపిడి, ఫోర్మెన్ అరుపులు, కొత్తగా వచ్చినవాడి చేత టీ పెట్టించడం. ప్రతి వర్క్‌షాపులోనూ ఇదే మర్యాద, మన ఉస్తాద్‌ల దగ్గర చోటూలకు జరిగేదీ ఇదే. మంచి ఇంట్లో పెరిగిన కుర్రవాడికి ఆ మురికి నచ్చలేదు. ఇక పోనని ఇంట్లో మొండికేశాడంటారు. తండ్రి ఒప్పుకోలేదు. మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యవలసిందేనని మళ్లీ పంపాడు. నా మట్టుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. విమానాల పోటీల్లో గెలుపులూ, రాజుగారిచ్చిన బిరుదూ అన్నీ దీని తరువాతివే. ఆ రోజు ఆ పంతులుగారి మనసు కరిగిపోయి, పోనీలే నాయనా, నా ప్రెస్సులోనే గుమాస్తాగా కూర్చో అనివుంటే కథ అక్కడితో సరి. మన ఇళ్లల్లో జరిగేది తరచు ఇదే. అబ్బాయి చేతులు నల్లబడ్డాయని అమ్మీ కన్నీళ్లు పెట్టుకుంటుంది, నెల తిరక్కుండానే పిల్లవాడు ఇంట్లో వుంటాడు.

మిచెల్ వర్క్‌షాపులో పని అయ్యాక అదే కంపెనీ డ్రాయింగు ఆఫీసుకు మారాడు. అంటే ఇనుమును చేత్తో కోసి, ఆకురాయితో రాసి, బిగించి చూసిన తరువాతే కాగితం మీద గీత గియ్యడం మొదలుపెట్టాడన్నమాట. గీసే గీత వర్క్‌షాపులో ఎవడి చేతిలో ఎలా తయారవుతుందో తెలిసినవాడి గీతకూ, తెలియనివాడి గీతకూ తేడా వుంటుంది. లేతు మిషను మీద పనిచేసిన ఏ సోదరుణ్ణి అడిగినా ఈ మాట చెబుతాడు. ఆఫీసు నుంచి వచ్చే డ్రాయింగుల్లో కొన్నిటిని చూసి వాళ్లు నవ్వుకునే నవ్వు మనకు తెలియనిది కాదు.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. కాలేజీకి పోలేదంటే పుస్తకం మూసేశాడని కాదు. పగలంతా కార్ఖానాలో పనిచేసి, రాత్రిపూట సాంకేతిక పాఠశాలల్లో తరగతులకు వెళ్లాడు. ఇంజనీరింగు డ్రాయింగు, పై తరగతి లెక్కలు, మెకానిక్స్ అన్నీ అలా నేర్చుకున్నవే. ఇంట్లో కూడా ఒక లేతు మిషను పెట్టుకుని పనిచేసేవాడు. ఒకటి రెండు నెలలు కాదు, అప్రెంటిసు కాలమంతా ఇదే వరస. కాలేజీ పిల్లవాడు ఉదయం పదింటికి క్లాసుకు పోతాడు. ఇతను పొద్దంతా ఒళ్లు అలిసిపోయాక సాయంత్రం పుస్తకం పట్టాడు. ఏది సులువు దారో మీరే ఆలోచించండి. పనిలో పెట్టాం గదా, ఇక చదువు పీడ వదిలింది అనుకునే తల్లిదండ్రులు, పిల్లలు ఈ భాగాన్ని రెండోసారి చదవాలని నా మనవి.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ ఊళ్లో రాత్రి తరగతులు వుండబట్టే చదవగలిగాడు. పనివాడి పిల్లలకోసం, పనిచేసే కుర్రవాళ్లకోసం సాయంత్రం తలుపు తెరిచే బడులు ఆనాడు ఇంగ్లండులోని కార్ఖానాల ఊళ్లల్లో వుండేవి. పట్టుదల ఒక్కటే చాలదు, పట్టుకోవడానికి ఏదో ఒకటి వుండాలి. మన దగ్గర 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం కంపెనీల్లో పని నేర్చుకునే కుర్రవాళ్లకు నెలనెలా కొంత డబ్బు ఇవ్వాలి. పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవాళ్లు ఈసెట్ పరీక్ష రాసి ఇంజనీరింగు కాలేజీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఇవి వున్నాయని కూడా తెలియని ఇళ్లు మన బస్తీల్లో ఎన్నో వున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా మిచెల్ అప్రెంటిసు కాలం ముగిసింది. సైన్యంలో చేరబోతే, నీ ఇంజనీరింగు పని దేశానికి అంతకంటే అవసరం అని తిప్పి పంపారు. అప్పుడు దక్షిణ తీరంలో సౌతాంప్టన్ పట్టణం, వూల్‌స్టన్ పేటలో వున్న సూపర్‌మెరీన్ అనే కంపెనీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. నీళ్లమీద వాలే విమానాలు చేసే చిన్న కంపెనీ అది. ఇంటర్‌వ్యూకు వెళ్లినవాడు అక్కడే వుండిపోయి, సామాను పంపమని ఇంటికి కబురు పెట్టాడని చెబుతారు. 1918లో ఫ్లారెన్స్ డేసన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె చిన్నపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్, వయసులో ఆయనకంటే పదకొండేళ్లు పెద్ద. వారికి ఒక కొడుకు, గోర్డన్.

1919లో ఆయన్ను కంపెనీ ముఖ్య డిజైనరును చేశారు. అప్పటికి వయసు 24. మరుసటి ఏడు చీఫ్ ఇంజనీరు. రైలు ఇంజన్ల కార్ఖానాలో పని నేర్చి, డిగ్రీ కాగితం లేని కుర్రవాడికి ఆ కంపెనీవాళ్లు అంత బాధ్యత అప్పజెప్పారు. నిజానికి మెచ్చుకోవలసింది వాళ్లను కూడా. నేటి ఉద్యోగ ప్రకటనల్లో మొదటి గీటురాయి డిగ్రీయే. ఆ జల్లెడలోంచి మిచెల్ లాంటివాడు జారి కింద పడిపోయేవాడు. తరువాత 1928లో విక్కర్స్ అనే పెద్ద కంపెనీ సూపర్‌మెరీన్‌ను కొన్నప్పుడు, మిచెల్ ఇంకో ఐదేళ్లు అక్కడే పనిచెయ్యాలనేది బేరంలో ఒక షరతుగా పెట్టుకున్నారు. కంపెనీకి కార్ఖానా కంటే ఆ మనిషే విలువైనవాడన్నమాట.

1920 నుంచి 1936 దాకా ఆయన 24 రకాల విమానాలు రూపొందించాడు. పడవలాంటి పెద్ద విమానాలు, పోటీ విమానాలు, బాంబర్లు, ఒకటేమిటి అన్నీ వున్నాయి. సౌతాంప్టన్ అనే ఆయన పడవ విమానాలు నాలుగు 1927లో ఇంగ్లండు నుంచి బయల్దేరి మన దేశం మీదుగా సింగపూర్ చేరి, ఆపైన ఆస్ట్రేలియా చుట్టివచ్చాయి. కానీ ఆయనకు పేరు తెచ్చింది ష్నైడర్ ట్రోఫీ అనే అంతర్జాతీయ పందెం. నీళ్లమీద నుంచి లేచే విమానాల వేగపు పోటీ అది. 1922లో నేపుల్స్‌లో ఆయన విమానం గంటకు 145 మైళ్లకు పైగా వేగంతో గెలిచింది. 1925లో ఎస్.4 అనే కొత్తరకం విమానం చేశాడు. అప్పట్లో విమానాలకు రెండంతస్తుల రెక్కలు, వాటి మధ్య గుంజలు, తీగలు వుండేవి. మిచెల్ ఆ గుంజలూ తీగలూ అన్నీ తీసేసి ఒక్క జత రెక్కలతో చేశాడు. అమెరికాలోని బాల్టిమోర్‌లో పోటీకి ముందే అది నీళ్లల్లో కూలింది. నడిపినవాడు బతికి బయటపడ్డాడు, అది దేవుడి దయ. మిచెల్ ఆలోచన మాత్రం మార్చుకోలేదు. తప్పు ఎక్కడుందో వెతికి ఎస్.5 చేశాడు. 1927లో వెనిస్‌లో అది గెలిచింది. 1929లో ఎస్.6 గెలిచింది.

ఐదేళ్లలో మూడుసార్లు గెలిచినవాళ్లకు ట్రోఫీ శాశ్వతంగా దక్కుతుంది. 1931లో మూడో గెలుపు వాకిట్లో వుండగా డబ్బు లేదని ప్రభుత్వం చేతులెత్తేసింది. లేడీ హూస్టన్ అనే ధనికురాలు లక్ష పౌన్లు ఇచ్చి ఆదుకుంది. సెప్టెంబరులో ఎస్.6బి. విమానం ట్రోఫీ గెలుచుకోవడమే గాక, అదే నెల 29న గంటకు 407.5 మైళ్లు, అంటే 655 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. మూడు నెలలకు రాజు ఆయనకు సి.బి.ఇ. బిరుదు ఇచ్చాడు.

ఒక విచిత్రం చూడండి. ఎస్.6 విమానానికి ఇంజను చేసింది రోల్స్ రాయిస్ కంపెనీ. దాని వెనక వున్న హెన్రీ రాయిస్ ఎవరనుకున్నారు? ఆయన కూడా రైల్వే కార్ఖానాలో అప్రెంటిసే. పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వేలో చేరాడు. ఫీజు కడుతున్న మేనత్త దగ్గర డబ్బు అయిపోయి మూడేళ్లకే మధ్యలో ఆపవలసి వచ్చింది. ఆ మూడేళ్ల పనితో, రాత్రి చదువుతో ఆయన ఎక్కడికి చేరాడో లోకానికి తెలుసు. మొత్తానికి ఆ రోజు భూమ్మీద అందరికంటే వేగంగా ఎగిరిన విమానం ఒడలు ఒక రైలింజన్ల అప్రెంటిసుది, గుండెకాయ ఇంకో రైలింజన్ల అప్రెంటిసుది.

మిచెల్ పనిచేసే తీరు గురించి ఆయన కింద పనిచేసినవాళ్లు చాలా చెప్పారు. మనిషి సిగ్గరి. మాట కొంచెం తడబడేది, సభల్లో మాట్లాడమంటే ఇబ్బందిపడేవాడు. కోపం ఎక్కువ. డ్రాయింగు బోర్డు ముందు నిలబడి ఆలోచిస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే అంతే సంగతులు. కానీ ప్రతి కుర్రవాడి బోర్డు దగ్గరికీ వచ్చి, వంగి చూసి, పెన్సిలుతో గీతలు సరిదిద్ది, వాడి అభిప్రాయం అడిగేవాడు. అందరి మాటా విని ఆఖరికి తానే తేల్చేవాడు. విమానం గురించి ఎవడైనా అర్థంకాకుండా చెబితే అది నమ్మదగ్గది కాదని ఆయన లెక్క.

ఇంకా పెద్ద గుణం ఏమంటే, తనకు తెలియనిది తెలిసినవాళ్లను దగ్గరపెట్టుకున్నాడు. ఆలన్ క్లిఫ్టన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి వచ్చినవాడు, లెక్కలు ఆయన చూసేవాడు. కెనడానుంచి వచ్చిన బెవర్లీ షెన్‌స్టోన్ టొరంటో విశ్వవిద్యాలయంలో చదివినవాడు, గాలి శాస్త్రం ఆయనది. డిగ్రీ లేని మనిషి కింద డిగ్రీలున్నవాళ్లు పనిచేశారు. ఆయనకు వాళ్లంటే అసూయ లేదు, వాళ్లకు ఆయనంటే చులకన లేదు. కనుక ఈ వ్యాసం చదివి కాలేజీ చదువు దండగ అని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. షెన్‌స్టోన్ చదివిన చదువు లేకపోతే స్పిట్‌ఫైర్‌కు ఆ రెక్క లేదు.

ఇక ఆ స్పిట్‌ఫైర్ సంగతి. యుద్ధ విమానం కావాలని ప్రభుత్వం అడిగితే మిచెల్ మొదట టైప్ 224 అనే విమానం చేశాడు. 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. రెక్కలు మందం, చక్రాలు లోపలికి ముడుచుకునేవి కావు, ఇంజను చల్లారేది కాదు. గంటకు 228 మైళ్లు దాటలేదు. ప్రపంచంలోనే వేగమైన విమానం చేసినవాడి చేతిలో నుంచి అలాంటిది వచ్చింది! ప్రభుత్వం దాన్ని కాదని గ్లాడియేటర్ అనే పాతకాలపు రెండంతస్తుల విమానం తీసుకుంది. మిచెల్ తన విమానాన్ని సమర్థించుకుంటూ కూర్చోలేదు. అప్పటికే దాన్ని మనసులో పక్కన పడేసి కొత్తది గీస్తున్నాడు.

ఆ మధ్యలో ఆయన మీద పెద్ద దెబ్బ పడింది. 1933లో పేగు క్యాన్సర్ అని తేలింది. ఆగస్టులో పెద్ద ఆపరేషన్ చేసి, మలం బయటికిపోవడానికి పొట్టకు దారి పెట్టారు. వయసు 38. జబ్బు మళ్లీ రావచ్చని కూడా డాక్టర్లు చెప్పారు. ఆ రోజుల్లో అది ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. ఆ పరిస్థితిలో ఉద్యోగం మానుకుంటే తప్పుపట్టేవాడు లేడు. ఆయన మాత్రం కోలుకోగానే ఆఫీసుకు వచ్చాడు. జబ్బు సంగతి తోటివాళ్లలో చాలామందికి తెలియనివ్వలేదు. అంతటితో ఆగక విమానం నడపడం నేర్చుకుని 1934 జూలైలో పైలట్ లైసెన్సు తీసుకున్నాడు. చేసినవాడికి నడపడమూ తెలియాలి గదా.

కొత్త విమానానికి పలచటి, చివరలు గుండ్రంగా తిరిగిన కోడిగుడ్డు వాటం రెక్క పెట్టారు. పలచగా వుంటేనే వేగం. కానీ అందులోనే చక్రాలు పట్టాలి, ఎనిమిది మెషిన్‌గన్నులు పట్టాలి. మొదలు దగ్గర వెడల్పుగా వుండే ఆ రూపంలో అవన్నీ ఇమిడాయి. తుపాకులు పట్టినంతవరకు ఆకారం ఎలావున్నా తనకు పట్టింపు లేదన్నట్టు మాట్లాడాడట మిచెల్. ఇంజను రోల్స్ రాయిస్ మెర్లిన్. 1936 మార్చి 5న సౌతాంప్టన్ దగ్గర ఈస్ట్‌లీ మైదానం నుంచి అది మొదటిసారి ఎగిరింది. ఆ ఎగురుడు పట్టుమని పది నిమిషాలు కూడా లేదు. జూన్ నెలలో ప్రభుత్వం 310 విమానాలు కావాలని ఆర్డరిచ్చింది. కంపెనీవాళ్లు పెట్టిన స్పిట్‌ఫైర్ అనే పేరు మాత్రం ఆయనకు బొత్తిగా నచ్చలేదు.

అన్నీ పొగడటం న్యాయం కాదు. ఆ రెక్క చూడ్డానికి ఎంత అందమో, చెయ్యడానికి అంత కష్టం. వంపు తిరిగిన రేకులు కొట్టి సరిగ్గా అతకడం చాలా కార్ఖానాలకు చేతకాలేదు. పనులు ఆలస్యమై మొదటి దళానికి విమానాలు అందేసరికి 1938 ఆగస్టు వచ్చింది. వర్క్‌షాపులో పుట్టి పెరిగిన ఇంజనీరు వర్క్‌షాపువాళ్లను ఇంత తిప్పలు పెట్టాడేమిటా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యం. బహుశా వేగం కోసం తెలిసే ఆ కష్టాన్ని నెత్తిన పెట్టుకున్నాడేమో.

ఆ మొదటి దళాన్ని చూడటం ఆయన నొసట రాసిలేదు. 1937 మొదట్లో జబ్బు తిరగబెట్టింది. ఆసుపత్రిలో చేరాడు. మార్చిలో పని మానుకోక తప్పలేదు. ఏప్రిల్ చివర వియన్నాకు తీసుకువెళ్లారు. వైద్యం ఫలించలేదు. మే నెలలో ఇంటికి వచ్చేశాడు. ఎండలో తోటలో కూర్చుని రోజులు లెక్కపెట్టుకున్నాడు. జూన్ 11న కన్నుమూశాడు. వయసు 42. అప్పటికి ఎగిరిన స్పిట్‌ఫైర్ ఒకే ఒక్కటి.

ఆయన తరువాత పని ఎవరి చేతికి వచ్చింది? జో స్మిత్ అనే ఆయనకు. ఆయన బర్మింగ్‌హామ్‌లో ఆస్టిన్ మోటారు కార్ల కంపెనీలో అప్రెంటిసుగా పని నేర్చినవాడు. 1921లో సూపర్‌మెరీన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి మిచెల్ దగ్గరే ఎదిగాడు. యుద్ధకాలమంతా స్పిట్‌ఫైర్‌ను మార్చిమార్చి, ఇంజను పెంచి, రెక్క మార్చి, వెనకబడకుండా నిలబెట్టింది ఆయనే. మొత్తం 20 వేలకు పైగా స్పిట్‌ఫైర్‌లు తయారయ్యాయి. ఈయన పేరు మనలో ఎవరూ వినివుండరు.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిషువాళ్లకు విమానాలకు డబ్బిచ్చాడు. అందుకని 110వ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. రెండో యుద్ధంలో 152వ దళానికి కూడా హైదరాబాద్ పేరే వచ్చింది. ఆ దళం చిహ్నంలో నిజాం దస్తార్, అంటే తలపాగా, వుంటుంది. 1939 అక్టోబరులో దళాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు వాళ్లకిచ్చినవి గ్లాడియేటర్‌లు, అంటే మిచెల్ ఓడిపోయిన పోటీలో ప్రభుత్వం ఎంచుకున్న విమానాలే. మూడు నెలలు తిరిగేసరికి, 1940 జనవరిలో, వాటి బదులు స్పిట్‌ఫైర్‌లు వచ్చాయి. ఆ వేసవిలో జర్మన్ విమానాలు ఇంగ్లండు మీద విరుచుకుపడినప్పుడు హైదరాబాద్ పేరున్న ఆ దళం దక్షిణ తీరంలో వార్మ్‌వెల్ నుంచి లేచి పోరాడింది. అప్పటి పోరాటంలో సంఖ్యలో ఎక్కువ హరికేన్ అనే విమానాలే, ఆ మాట కూడా చెప్పుకోవాలి. 1943 చివర 152వ దళం బర్మా రంగానికి, అంటే మన తూర్పు గుమ్మానికే వచ్చింది. మన రైతులు కట్టిన శిస్తు డబ్బు ఏ దారిన పోయి ఏ ఆకాశంలో తేలిందో తలుచుకుంటే మనసు ఒకలా వుండదు. దాన్ని గొప్పగా చెప్పుకోవాలో, బాధపడాలో ఎవరికి తోచినట్టు వారు అనుకోవచ్చు.

1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు వూల్‌స్టన్ కార్ఖానా మీద పడ్డాయి. మిచెల్ చివరి రోజుల్లో గీసిన పెద్ద బాంబర్ విమానం సగం తయారై అక్కడే వుంది. అది ఎగరకుండానే నాశనమైపోయింది. పనివాళ్లు ఎంతోమంది చనిపోయారు. స్పిట్‌ఫైర్ పనిని మాత్రం ఊరిలోని గరాజులకూ, షెడ్లకూ, చుట్టుపక్కల పట్టణాలకూ పంచేసి నడిపించారు. లేతు మిషను వున్న ప్రతి షెడ్డూ విమానాల కార్ఖానా అయిందన్నమాట.

మిచెల్‌కు పని నేర్పిన కెర్ స్టూవర్ట్ కంపెనీ ఆయన బతికుండగానే, 1930లో మూతపడింది. హాన్లీలో ఆయన జ్ఞాపకంగా ప్రజలు చందాలు వేసి యువకుల కోసం ఒక థియేటర్ కట్టించారు, 1957లో తెరిచారు. ఊరి మ్యూజియం బయట ఆయన విగ్రహం వుంది. లోపల 1972లో పట్టణానికి ఇచ్చిన ఒక స్పిట్‌ఫైర్, ఆర్.డబ్ల్యు. 388 నంబరుది, భద్రంగా వుంది. బడిపిల్లలు వచ్చి దాని చుట్టూ తిరిగి చూసిపోతుంటారు.